పెద్దకన్నుల బిడ్డ – పదిమంది పరిశోధనాలయము



ఆడపిల్ల పుట్టినయింట చూడవచ్చిన వారందఱును మొదట మెచ్చుకొనునవి కన్నులు. విశాలాక్షి, కమలాక్షి, మీనాక్షి యని మనము పెట్టుకొను పేర్లెన్నియో కన్నులను బట్టి వచ్చినవే. మన కావ్యములయందు నాయిక కన్నులు చెవులదాక సాగుచుండును. ఆ కావ్యములనే చదువుకొని పెరిగిన మాకు, పుంగనూరిలో మా పెద్ద ఆడపడుచు మనుమరాలిని తొలిసారి చూచినప్పుడు ఆ వర్ణనలే జ్ఞప్తికి వచ్చెను. రెండు నెలల పసికందు; ముఖమున కన్నులు తప్ప మఱేమియు కానరానట్లుండెను. మా ఆడపడుచు ప్రతి సాయంకాలము ఉప్పును, మిరపకాయలను దిగదుడిచి పొయ్యిలో వేయుచుండెను. ఆ కన్నులకు దిష్టి తగులునని అందఱమును భయపడితిమే గాని, ఆ కన్నుల పెద్దతనమే రోగమని మాలో ఒక్కరికిని తోచలేదు.

మూడవ నెల వచ్చుసరికి బిడ్డ వెలుతురు చూడనొల్లకుండెను. వాకిటికి తెచ్చినచో తల్లి భుజమున ముఖము దాచుకొనును. ఎల్లవేళల కన్నీరు కాఱుచుండును. జలుబని యొకరు, గ్రహబాధ యని యొకరు చెప్పిరి. తల్లిపాలు రెండు చుక్కలు కంటిలో పిండుమని చెప్పినవారిలో మేమును ఉంటిమి, దాచుకొనుట యెందులకు?

బిడ్డతండ్రి మా మరిది. ఆయనకు కుప్పమున ఉద్యోగము. ఐదవ నెలలో తల్లీబిడ్డలు అచ్చటికి చేరిరి. ఒకనాడు నీళ్లు పోయుచుండగా, నల్లగ్రుడ్డుపై పలుచని నీలిమబ్బు క్రమ్మినట్లు ఆ పిల్లతల్లి కనుగొనెను. వెంటనే ఒక నేత్రవైద్యురాలి కడకు ఎత్తుకొనిపోయిరి. ఆమె చిన్న దీపముతో కన్నులను పరీక్షించి, రోగము పేరైనను చెప్పకమునుపే, “మీది మేనరికమా?” అని యడిగెనట. మేనరికమే. మా మరిది తన అక్క కూతురినే పెండ్లాడెను.

పుట్టుకతో వచ్చు నీటికాసులు అని ఆ రోగమునకు పేరు. మన కంటిలోపల ఒక నిర్మలమైన ద్రవము ఎల్లప్పుడు ఊరుచు, కంటి యంచుననున్న సన్నని జల్లెడవంటి దారిని బయటికి పోవుచుండును. గర్భమునందు ఆ దారి సరిగా ఏర్పడనిచో ద్రవము నిలిచి, కంటిలో ఒత్తిడి పెరుగును. పెద్దవారి కంటిగోడ గట్టిది, పసిబిడ్డలది మెత్తనిది. ఒత్తిడికి సాగిపోయి కన్ను పెద్దదగును. గ్రీకుభాషలో దీనికి “ఎద్దుకన్ను” అను అర్థము వచ్చు పేరు కలదు. పొట్టి యావులకు ప్రసిద్ధి చెందిన పుంగనూరిలో ఆ మాట విన్నప్పుడు మాకు నవ్వు రాలేదు. సాగిన కన్నుతో పాటు వెనుకనున్న చూపునరము నలిగిపోవును. నలిగిన నరము మరల రాదు. అందుచేత దినములు లెక్కపెట్టుకొని శస్త్రచికిత్సకు పరుగెత్తవలయును. చుక్కల మందుతోనే నయమగునది కాదు. వెలుతురునకు కన్నులు మూసికొనుట, ఎడతెగక నీరు కాఱుట, నల్లగ్రుడ్డు మసకబాఱుట, కన్ను నానాటికి పెద్దదగుట - ఈ గుర్తులలో ఏది కనబడినను, మెచ్చుకొనుట మాని వైద్యుని చూపింపుడు. ఆంధ్రప్రదేశమున 3,300 కాన్పులకు ఒక బిడ్డ చొప్పున ఈ రోగము కలదని శాస్త్రజ్ఞుల గ్రంథములలో వ్రాయబడియున్నది. పాశ్చాత్యదేశములలో ఇంతకంటె చాల తక్కువ.

కుప్పమునకు వేలూరు దగ్గఱ, మదనపల్లెకు బెంగుళూరు దగ్గఱ. అయినను మా పెత్తండ్రి కుమారుడు హైదరాబాదున ఉండుటచేత బిడ్డను అచ్చటి ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థకు తీసికొనిపోవ నిశ్చయించితిమి. మా ఆడపడుచుకు తోడుగా మేమును బయలుదేరితిమి. చలనచిత్ర నిర్మాతయైన ఎల్.వి. ప్రసాదుగారు ఇచ్చిన భూమితోను, ధనముతోను డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నెలకొల్పిన సంస్థ యది. పసిబిడ్డల నీటికాసులకు శస్త్రము చేయుటలో పేరొందిన డాక్టరు అనిల్ కుమార్ మండల్ గారు అచ్చటివారే; ఆయనకు 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించెను. బిడ్డ రెండు కన్నులకును శస్త్రచికిత్స జరిగెను. ఆ దినముల సంగతి ఇచ్చట వ్రాయము; అటువంటి గదియెదుట కూర్చున్న తల్లులకు చెప్పనక్కఱలేదు, కూర్చుండని వారికి చెప్పినను తెలియదు.

మేము వ్రాయదలచినది అటుపిమ్మటి మాట. బిడ్డ కోలుకొనుచుండగా, తల్లిదండ్రులును, వీలైన అవ్వతాతలును తలకొక రెండు చెంచాల నెత్తురు పరిశోధనాలయమునకు ఇత్తురా అని యడిగిరి. ఇష్టము లేనిచో మానవచ్చుననియు, చికిత్సకు లోపము రాదనియు స్పష్టముగా చెప్పిరి. మా ఆడపడుచు వెంటనే వలదనెను. “ఆపరేషను అయిపోయింది గదమ్మా, ఇంక మా నెత్తురుతో వీళ్లకేం పని?” అని మాతో గొణిగెను. ఆమె మాటలో భయమొకటి దాగియున్నది. తప్పు మా వంశముదని ఎక్కడ తేల్చుదురోయని!

అప్పుడు విశ్వవిద్యాలయమునకు సిద్ధాంతవ్యాసము వ్రాయుటకై అచ్చట పని నేర్చుకొనుచున్న ఒక యువతి వచ్చి మా ప్రక్కన బల్లపై కూర్చుండెను. ఆమె చెప్పినదానిని మేము మాకు తెలిసిన విద్యలోనికి మార్చుకొని అర్థము చేసికొంటిమి. తాటియాకు గ్రంథములను ఎఱిగిన వారికి వ్రాయసకాండ్ర తప్పులు క్రొత్త గావు. ఒక ప్రతిలో అక్షరము తప్పిపోయినను, వేఱొక ఊరి ప్రతిలో సరిగా నుండును. రెండును కలిపి చూచి పండితులు పాఠమును నిర్ణయింతురు. మన శరీరమును నిర్మించు గ్రంథమునకును రెండు ప్రతులు కలవు. ఒకటి తండ్రినుండి వచ్చినది, రెండవది తల్లినుండి వచ్చినది. ఒకదానిలో తప్పున్నను రెండవది పని నడపును. ఆ మనుష్యునకు తనయందు తప్పున్నట్లే తెలియదు. బిడ్డకు రెండు ప్రతులును తప్పువియే వచ్చినప్పుడు మాత్రము రోగము బయటపడును. తల్లిదండ్రులిద్దఱియందును ఒక్కొక్క తప్పుప్రతి యున్నచో, కాన్పుకాన్పునకు నాలుగింట ఒకపాలు భయము. మేనమామయు మేనకోడలును ఒకేయింటి గ్రంథములోని నాలుగవపాలు పంచుకొన్నవారు. తాతగారి ప్రతిలోని తప్పు ఇద్దఱికిని చేరియుండుట అందుచేత ఎక్కువగా సంభవించును. మేనరికపు బిడ్డలందఱును రోగులగుదురని కాదు. పెక్కుమంది నిక్షేపముగా నున్నారు. బయటి సంబంధములయందును ఈ రోగము పుట్టకపోలేదు.

కంటియందలి ఈ తప్పు ఏ పుటలో నున్నదో 1997లో బయటపడెను. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయమున పనిచేయు శాస్త్రజ్ఞులు తుర్కీదేశపు కుటుంబముల నెత్తురును పరిశీలించి, సి.వై.పి. 1బి1 అను పేరుగల జన్యువునందు దానిని కనుగొనిరి. మన దేశపు కుటుంబములయందును అట్లే యుండునా? హైదరాబాదు నేత్రసంస్థవారును, అదే నగరములోని డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల కేంద్రమువారును కలిసి వెదకి, 2002లో ఫలితములను ప్రకటించిరి. మఱుసటి యేడు వచ్చిన వ్యాసమున, మనవారి యందు తఱచుగా కనబడు తప్పు ఒకటి గుర్తింపబడెను. ఆ జన్యువు చెప్పినట్లు తయారగు మాంసకృత్తునందు 368వ స్థానమున ఆర్జినిన్ ఉండవలసినచోట హిస్టిడిన్ వచ్చి కూర్చున్నది. జన్యువులో ఒకే యక్షరము మాఱినది! అయితే రోగులందఱియందును ఈ జన్యువే తప్పినది కాదు. కొన్ని కుటుంబములయందు కారణము వేఱుచోట నున్నది.

“మీ వంటి వాళ్లు ఇచ్చిన నెత్తురు వల్లనే గదా అవ్వా, మాకు ఈ మాత్రమైనా తెలిసింది” అని ఆ యువతి చెప్పగా, మా ఆడపడుచు కొంతసేపు మాటాడక కూర్చుండి, పిదప చేయి చాచెను.

ఆ నెత్తురు ఎక్కడికి పోవునో తెలిసికొనవలయునని మాకు కోరిక కలిగెను. ఒక్కొక్క శాస్త్రజ్ఞునకు ఒక్కొక్క గదియు, వానివే యంత్రములును ఉండునని మేము తలంచియుంటిమి. అట్లుకాదట. జన్యువులను చదువు చోటు, సూక్ష్మజీవులను పెంచు చోటు, కణములను పెంచు చోటు, శస్త్రమునందు తీసిన కంటిముక్కను పలుచగా కోసి చూచు చోటు - ఇవి యన్నియు ఆస్పత్రి ప్రాంగణముననే యున్నవి. ఆస్ట్రేలియాకు చెందిన బ్రయన్ హోల్డెన్ ఆచార్యుని పేరిట అచ్చట పరిశోధనకేంద్రము కలదు. రోగిని చూచు వైద్యుడును, విశ్వవిద్యాలయపు విద్యార్థియు ఆ యంత్రములనే వాడుకొందురు. జన్యువునందలి అక్షరములు చదువు యంత్రమును, కడుశీతలపు పెట్టెలను ఎవరికి వారు కొనవలెనన్న సాధ్యమగునా? వానిని నడుపుటకు చేయి తిరిగిన పనివారును కావలయును. అమెరికాదేశమున 1968లో ఏర్పడిన జాతీయ నేత్రసంస్థ, ఇట్లు పదిమంది కలిసి వాడుకొను ప్రయోగశాలలకును, అందలి పనివారికిని అనియే విశ్వవిద్యాలయములకు ప్రత్యేకముగా ద్రవ్యసహాయము చేయు పద్ధతిని నడుపుచున్నది.

మదనపల్లెవారికి ఈ భావము క్రొత్తది కాదు. మన యూరికి చేరువనున్న ఆరోగ్యవరము 1915లో ఎట్లు వెలసినది? క్షయరోగులకు ఆస్పత్రి కట్టుట ఒక్కొక్క క్రైస్తవ మిషనుకు తలకు మించిన పనియై, పలు మిషనులు కలిసి దానిని నడిపినవి. డెన్మార్కు దేశస్థుడగు ఫ్రిమొట్ మోలర్ దొరగారు దానికి వైద్యాధికారిగా నుండిరి. రోగులను చూచుటతో ఆగక, చుట్టుపట్ల పల్లెలలో క్షయ యెట్లు వ్యాపించుచున్నదో అచ్చటివారు పరిశోధించిరి. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాను మొదట ప్రారంభించిన తావులలో మదనపల్లె యొకటి. నేడు దేశమంతట పుట్టిన బిడ్డకెల్ల వేయు టీకాకు మొదట చేయి చాచినవారిలో మన ప్రాంతపువారున్నారు.

హైదరాబాదు పరిశోధనాలయములలో మమ్ము మిక్కిలి ఆకర్షించినది సూక్ష్మజీవుల విభాగపు పని. అది వంటయింటి పనివంటిది. పొలమున ఆకుకొసయో, వరిపొట్టో తగిలి కంటినల్లగ్రుడ్డు పుండుపడినప్పుడు, ఆ పుండునుండి రవంత గీకి తీసి, గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినితో చూతురు. మఱికొంత తీసి, సముద్రపు పాచినుండి తీసిన జిగురుపై నాటుదురు. మనము చైనాగ్రాసు అని తెచ్చి పాలతో కాచి బిళ్లలు కోయుదుమే, అట్టిదే ఆ జిగురు. గొఱ్ఱెనెత్తురు కలిపినదానిపై ఒకజాతి జీవులు పెరుగును. చక్కెర కలిపినదానిపై బూజు బాగుగా పెరుగును. మొలచినదేదో చూచి మందు నిర్ణయింతురు. మందులంగడిలో అడిగి కొను చుక్కలలో కొన్నిటియందు స్టెరాయిడు అను పదార్థముండును. బూజువలన కలిగిన పుండునకు అది పోసినచో ఎరువు వేసినట్లే. టమాటతోటలలో పనిచేయు మన మదనపల్లె చుట్టుపట్ల స్త్రీలకు ఈ సంగతి తెలియవలయును. తల్లిపాలు పిండుటయు ఇందుకు మందు కాదు. ఆ సలహా ఇచ్చినవారము గనుక మేమే చెప్పుచున్నాము.

పొగ సంగతి యొకటి. సిగరెట్టు పొగను, వంట ఇంధనపు పొగను ద్రవముగా పట్టి, దానివలన కంటికటకమునకు ఎట్టి హాని కలుగునో హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనాలయమువారును, నేత్రసంస్థవారును కలిసి పరీక్షించి 1994లో ప్రకటించిరి. హాని నిజమే. ఆ పనిలో ముఖ్యులైన డి. బాలసుబ్రహ్మణ్యన్ గారు తర్వాతి కాలమున నేత్రసంస్థ పరిశోధనకే పెద్దయైరి. కట్టెలు, పిడకలతో వండువారిలో శుక్లములు ఎక్కువగా కనబడినవని 1989లో ఢిల్లీనుండి వెలువడిన పరిశోధనయు చెప్పుచున్నది. పొయ్యి ఊదుచు కన్నులు తుడుచుకొన్న మన అమ్మమ్మలను ఎవరును లెక్కలోనికి తీసికొనలేదనుకొంటిమి, ఎవరో తీసికొనిరి.

ఇక ప్రసూతిగృహమునుండి వచ్చు దానము. గర్భమున శిశువును కప్పియుండు పలుచని పొరను, కాన్పు కాగానే మాయతోపాటు పాఱవైతుము. శస్త్రముచే కాన్పైన తల్లి అనుమతించినచో, ఆమె నెత్తురు పరీక్షించి దోషము లేదని తెలిసికొని, ఆ పొరను శుభ్రపఱచి అతిశీతలమున దాచుదురు. సున్నము పడి కన్ను కాలినవారికి ఇది ఉపయోగించును. తాంబూలపు పళ్లెములోని సున్నమును, అంగళ్లలో అమ్ము సున్నపు పొట్లములను పిల్లలు నొక్కగా కంటిలో చిమ్ముట మన దేశమున తఱచు జరుగు ప్రమాదము. నల్లగ్రుడ్డును ఎప్పటికప్పుడు క్రొత్తపఱచు మూలకణములు నలుపు తెలుపులు కలియు అంచున నుండును. సున్నము వానిని కాల్చివేయును. రెండవ కన్ను బాగున్నచో దానినుండి ఆవగింజంత ముక్క తీసి, ప్రయోగశాలలో ఆ పొరపై రెండువారముల లోపల పెంచి, కాలిన కంటిపై పఱచు చికిత్సను 2001లో డాక్టరు వీరేంద్ర సంగ్వాన్, డాక్టరు గీతా వేముగంటి గార్లు హైదరాబాదున ప్రారంభించిరి. గీతగారు పిమ్మట హైదరాబాదు విశ్వవిద్యాలయపు వైద్యశాస్త్ర విభాగమునకు అధ్యక్షురాలైరి. ఇంతకంటె వింత మఱియొకటి. ఆ ముక్కను సన్నగా తఱిగి, కంటిపైననే పొర పఱచి దానిపై నాటినను కణములు పెరుగునని 2012లో అచ్చటివారు తెలిపిరి. అనగా ప్రయోగశాలలో ఎన్నియో యేండ్లు పనిచేసి, ఈ చికిత్సకు ప్రయోగశాలయే అక్కఱలేని మార్గమును కనిపెట్టిరి! చిన్న యూళ్ల వైద్యులకును ఇది అందుబాటులోనికి వచ్చినది.

సున్నము మాట వచ్చినది గనుక, మృతుల నేత్రదానమును గూర్చి ఒక ముక్క. కంటి నల్లపొరను ఒకరినుండి మఱియొకరికి అతికి చూపు తెప్పించుట మొదట ఫలించినది 1905లో, నేటి చెక్ దేశమందలి ఓలొమౌట్స్ నగరమున. ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు చేసెను. చూపు పొందిన కూలివాని కన్నులు చెడినది సున్నము పడియే. మన చిత్తూరు జిల్లా చెన్నపట్టణపు ప్రభుత్వమునకు లోబడియున్న కాలమున, 1945లో, ఎగ్మూరు కంటి ఆస్పత్రిలో నేత్రనిధి ఏర్పడెను. హైదరాబాదులోని రామాయమ్మ నేత్రనిధి 1989 నాటిది. దానమిచ్చిన పొరను నాలుగు దినములు చెడకుండ కాపాడు మెక్‌కేరీ-కాఫ్‌మన్ ద్రవమును అచ్చటనే తయారుచేసి ఇతర నేత్రనిధులకును పంపుదురు. 1974లో కనిపెట్టబడిన ద్రవమది. మరణించిన ఆఱు గంటలలోపల కన్నులు తీయవలయును. వృద్ధులైనను, అద్దములు పెట్టుకొన్నవారైనను, శుక్లములు తీయించుకొన్నవారైనను ఈయవచ్చును. ఆ ఆఱు గంటలలో ఇంటివారు ఔననవలయును. ఏడ్చుచున్న యింట ఆ మాట ముందుగా ఎత్తువారెవరు?

మా కుటుంబపు నెత్తురు ఫలితము కొన్ని మాసములకు తెలిసెను. బిడ్డతల్లికిని, తండ్రికిని ఒక్కొక్క తప్పుప్రతి కలదు. మా ఆడపడుచు భయపడినట్లు అది ఒక్కరి నేరమని తేల్చుటకు వీలులేదు. అక్కాతమ్ములకు ఒకే తల్లిదండ్రులనుండి వచ్చినది గదా.

ఇంతలో రెండవ చిక్కు వచ్చెను. ఆడపడుచు రెండవ కూతురిని మా చిన్న మరిదికి ఇచ్చుటకు చిన్ననాడే మాట యనుకొనిరి. ఈసారి ఆ పిల్లయే ముందుకు వచ్చి, తన నెత్తురును, మామ నెత్తురును చూడుడని కోరెను. పిల్లయందు ఒక తప్పుప్రతి కలదు. మా చిన్న మరిదియందు లేదు. వీరికి పుట్టు బిడ్డలకు ఆ జన్యువువలన నీటికాసుల భయము లేదనియు, ఆ గ్రంథమున తాము చదువని పుటలు ఎన్నియో కలవు గనుక తక్కిన రోగములను గూర్చి పూచీ పడలేమనియు జన్యుసలహా చెప్పువారు తెలిపిరి. మా ఆడపడుచు మొదటి వాక్యమును విని సంతోషించెను. పిల్ల రెండవ వాక్యమును పట్టుకొని కూర్చున్నది. మా మామగారు “మీరే తేల్చుకొండి” అని పంచాంగమును మూసి పైన పెట్టిరి. పిల్ల ఇప్పుడు మదనపల్లెలో మాయింటనుండి పట్టపరీక్షకు చదువుచున్నది. లగ్నము మాట ఇంకను తేలలేదు.

పెద్దకన్నుల బిడ్డకు నాలుగేండ్లు నిండినవి. ఏటేట హైదరాబాదునకు పోయి కంటిఒత్తిడి చూపించుకొని వచ్చుచున్నది. దూరమునకు చూపు కొంత తక్కువ; దళసరి అద్దములు పెట్టుకొనును. మొన్న సంక్రాంతికి పుంగనూరు పోయినప్పుడు చూచితిమి. సాయంకాలము కాగానే అవ్వ ఉప్పును, మిరపకాయలను చేతబట్టి పిలిచెను. ఆ పిల్ల అద్దములు తీసి రెండు చేతులతో అవ్వయెదుట పట్టుకొని, “ముందు వీటికి తియ్యవ్వా” అనెను. మా ఆడపడుచు అట్లే తీసెను.